బొంతల దొంతరలో తుర్సున్

బిష్కెక్ నగరంలో, తూర్పు బజారు వెనకనున్న ఐదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తున కాపురముంటున్న సల్కిన్ అనే నేను, కీర్తిశేషుడు అసాన్ భార్యను, వయసు డెబ్భై ఆరు, వృత్తి ట్రాలీబస్సు డ్రైవరు (ఇప్పుడు విశ్రాంతి), నా వెనక మిగిలేవాళ్ళు కొట్టుకోకుండా ఉండేందుకు, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతులతో నేనే రాసుకుంటున్న కాగితం ఇది. నా మతి స్థిరంగా ఉన్నదని గుండె డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. లేదని నా కోడలు చోల్పోన్ అంటున్నది. ఇద్దరిలో డాక్టరు మాటనే అధికారులు పాటించవలెనని మనవి. గుండె చూసేవాడికి మతి సంగతేం తెలుసని ఎవరైనా అడగవచ్చు. చోల్పోన్‌కి అసలు దేని సంగతి తెలుసని నేను అడుగుతాను.

ఇంతకుముందు కోపంలో నోటితో చేసిన వీలునామాలన్నీ, ముఖ్యంగా మొన్న వసంతం పండగనాడు భోజనాల దగ్గర అందరి ముందూ "నా ఇల్లు ట్రాలీబస్సు డిపోకి రాసేస్తా, టైర్లు పెట్టుకుంటారు" అన్నది, ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

నోటరీ ఆఫీసులో కూర్చునే అమ్మాయి, "అపా, ఎవరికి ఏది అన్నంతవరకే రాయండి. ఎందుకు అన్నది అక్కర్లేదు" అంది. ఎందుకు అన్నది లేకపోతే ఇక వీలునామా దేనికి? రెండూ రాస్తున్నాను.

గుండె కవాటం అరిగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ వద్దన్నాను. "సరే, ఈ చలికాలం దాటితే పండగ చేసుకుందాం" అన్నాడు. నాకు చావంటే భయం లేదు. చలికాలపు ఉదయాల్లో మంచు గడ్డకట్టిన రోడ్డు మీద, కిటకిటలాడే ట్రాలీబస్సు నడిపినదాన్ని. నా భయమల్లా ఒక్కటే. నేను పోయిన రోజున నా గదిలో బొంతల దొంతరలో దాక్కున్నదాని గతేమిటి? ఈ కాగితమంతా దాని గురించే. మిగతా ఆస్తులు దారిలో తగిలితే రాస్తాను.

ఒకటి. ఇల్లు.

రెండు గదులు, వంటిల్లు, అద్దాలు బిగించిన బాల్కనీతో కూడిన నా ఇంటిని నా తమ్ముడి కొడుకు కుబత్‌కి సర్వహక్కులతో ఇస్తున్నాను. వాడి తల్లిదండ్రులు పోయాక పెంచింది నేనే. నన్ను అమ్మా అన్నట్టు అపా అనే పిలుస్తాడు. మంచివాడు. ఎవరికీ ఎదురు చెప్పడు. నాకు చెప్పడు, పెళ్ళాం చోల్పోన్‌కీ చెప్పడు. అందువల్ల ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటే నెగ్గుతుంది. వీలునామాలో ఆఖరున మాట్లాడేది నేనే కనుక ఈ ఒక్కసారికి గెలిచాననుకుంటున్నాను.

ఇంటితో పాటు పిల్లిని కూడా వాడికే ఇస్తున్నాను. ఎందుకంటే, ఆగస్టులో నేను ఆసుపత్రిలో పడ్డప్పుడు తాళంచెవి వాడి చేతికిచ్చి, "రోజూ వచ్చి చూడు నాయనా, అది తినకపోతే చస్తుంది" అని బతిమాలాను. తిరిగొచ్చి చూద్దును కదా, పిల్లి కడుపు నిండుగా ఉంది. దాని మాత్రలు తగ్గాల్సినన్నే తగ్గాయి. కారే ముక్కు కూడా తుడిచి ఉంది. వాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. వాడు నేలచూపులు చూస్తూ, "ఏముందిలే అపా, సరేలే" అన్నాడు. వినయం అనుకున్నాను.

చోల్పోన్ ముఖం మాడ్చుకుంటుందని తెలుసు. "ఆ రోగిష్టి పిల్లి మా సోఫా ఎక్కిందంటే నేను దిగి వెళ్ళిపోతా" అని ముందే చెప్పింది. భయపడకమ్మా. అది సోఫా ఎక్కే రకం కాదు. సోఫా కిందకి దూరి, నువ్వు దాని ఉనికే మరిచిపోయేదాకా బయటికి రాదు.

రెండు. పిల్లి. (ఆస్తి గుర్తింపు నిమిత్తం.)

ఆడది. బూడిద రంగు. ఎడమ చెవి సగమే ఉంటుంది. కుడి కంట నీరు. తుమ్ములు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పేరు తుర్సున్, బతికుండనీ అని. ఆ పేరు ఎలా వచ్చిందో తర్వాత రాస్తాను, రాయక తప్పేట్టు లేదు.

దీన్ని తెచ్చుకోవాలని నేను వెళ్ళలేదు. ఊరి చివర కాలవ పక్కన గలీనా పెత్రోవ్నా నడిపే జంతువుల శరణాలయానికి చలికాలంలో పాత బొంతలు కావాలంటే, మా అత్తగారు కుట్టిన ఎర్ర బొంత ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా ఫోను. "సల్కిన్, మీ బొంతలోకి ఒక పిల్లి దూరింది. ఇక రానంటోంది. ముగ్గురు తీసుకెళ్ళి ముగ్గురూ వెనక్కిచ్చారు దీన్ని. బొంత అన్నా తీసుకెళ్ళండి, రెండూ అన్నా తీసుకెళ్ళండి" అంది. వెనక్కిచ్చినవాళ్ళ ఫిర్యాదేమిటయ్యా అంటే, పిల్లిని తెచ్చుకున్నాం గాని అది ఎలా ఉంటుందో మేం చూడనే లేదు అని! బొంత నా అత్తగారిది. వదల్లేను. లోపల ఉన్నదాన్ని దులిపి పారెయ్యనూ లేను. ట్యాక్సీలో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "మనవడా అపా?" అన్నాడు. "కాదు, బొంత" అన్నాను.

ఇంటికొచ్చాక గోడవార నిలువెత్తున పేర్చిన బొంతల దొంతరలో, కింది నుంచి మూడోదానికీ నాలుగోదానికీ మధ్య చోటు చేసుకుంది. పగలంతా అక్కడే. ఎవరైనా గొంతు పెంచితే, తలుపు ధడాలున పడితే, ఇక ఆ పూట తిండి మానేస్తుంది. పశువుల డాక్టరు స్పష్టంగా చెప్పాడు: భయపడితే తినదు, రెండు మూడు రోజులు తినకపోతే మూత్రపిండాలు ఆగిపోతాయి, అంతే సంగతి. ప్రశాంతంగా ఉంచితే ఏళ్ళు బతకొచ్చు.

మాత్ర నూరి మీగడలో కలపాలి. గిన్నె దొంతర దగ్గర పెట్టి, అటు చూడకుండా కూర్చోవాలి. చూస్తే రాదు. రమ్మని పిలిస్తే అసలు రాదు. నేను గోడకేసి తిరిగి కూర్చుని ట్రాలీబస్సు స్టాపుల పేర్లు చిన్నగా చదువుతాను. ఆ గొణుగుడు దానికి ఇష్టం. సగం రూటు వచ్చేసరికి నాకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడు నాకెంత హాయిగా ఉంటుందో నేను చెప్పలేను.

మూడు. వచ్చిన సంబంధాలు.

కుబత్‌కి ఇచ్చే ముందు నేను వేరే ఇళ్ళు వెతకలేదని ఎవరూ అనకూడదు. గలీనా పెత్రోవ్నా ఫోనులో ప్రకటన పెట్టింది. పెళ్ళిచూపుల్లాగే జరిగాయి, పెళ్ళికూతురు మాత్రం ఒక్కరికీ కనపడలేదు.

మొదట ఒక అమ్మాయి వచ్చింది. గోళ్ళకి బూడిదరంగు వేసుకుంది. "మా కర్టెన్లు కూడా ఇదే రంగు" అని మురిసిపోయింది. కర్టెన్లు ఇంట్లో ఉండగా పిల్లి దేనికమ్మా అన్నాను. తర్వాత బజారులో బియ్యం కొట్టువాడు. "ఎలకలు పడుతుందా?" అన్నాడు. మా వంటింట్లోకి చుంచు వచ్చినప్పుడు తుర్సున్ రెండు రోజులు అన్నం మానేసిందని చెప్పాను. వాడు నన్ను జాలిగా చూశాడు. ఆ తర్వాత అసాన్ అక్క కొడుకు, పదేళ్ళుగా గడప తొక్కనివాడు, మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి, "అత్తయ్యా, పిల్లిని మేం తీసుకుంటాం, పాపం, దానికి అలవాటైన ఇల్లు కూడా దానితోనే ఉంటే బాగుంటుంది కదా" అన్నాడు. మిఠాయి డబ్బా కూడా వాపసు ఇచ్చేశాను. అతనికి ఈ వీలునామా ద్వారా దక్కేది ఏమీ లేదు. పేరు కూడా రాయను.

నాలుగు. చిల్లర వస్తువులు.

(క) నా తల్లి చేసిన ఎర్రా నల్లా పూల ఉన్ని తివాచీ చోల్పోన్‌కి. ఆమెకి నచ్చదు, పాతకంపు అంటుంది. అందుకే ఇస్తున్నాను. ఎప్పుడో ఒకనాడు ఆమెకీ డెబ్భై ఏళ్ళు వస్తాయి, మోకాళ్ళు చల్లబడతాయి, అప్పుడు దాని మీద కూర్చుని నన్ను తలుచుకుంటుంది. తిట్టుకుంటూనైనా ఫరవాలేదు.

(ఖ) డ్రైవింగు తోలు గ్లవ్సులు నా సహోద్యోగి ఏసెన్‌కి. ముప్పై ఏళ్ళు "ఆడది స్టీరింగు పట్టుకుంటే పైన కరెంటు తీగలు తెగుతాయి" అన్నవాడు. వాడి బండి నెత్తినున్న కర్రలు ఆ తీగలు తప్పి నడిరోడ్డు మీద ఆగినప్పుడల్లా వెనక నుంచి వచ్చి, దిగి, కర్రలు పట్టి తిరిగి తీగలకి తగిలించింది ఈ గ్లవ్సులే. వేసుకోడానికి కాదు, చూసుకోడానికి.

(గ) ఆప్రికాట్ జామ్ సీసాలు మెట్ల మీద ఎవరు ముందు ఎదురైతే వాళ్ళకి.

(ఘ) పాత బొంతలన్నీ, ఎర్రది తప్ప, గలీనా పెత్రోవ్నా శరణాలయానికి. ఈ వీలునామాని అమలుపరిచే బాధ్యత కూడా ఆమెదే. మా బంధువుల్లో ఎవరిని పెట్టినా మిగతావాళ్ళు అలుగుతారు. ఆమె రష్యన్, అందరూ సమానంగా అలుగుతారు.

ఐదు. నా చావు జరిపించే పద్ధతి.

ఇది అన్నిటికంటే ముఖ్యం, దయచేసి నవ్వకుండా చదవండి. నేను పోయిన గంటలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అందరి చావులకీ వెళ్ళినదాన్ని. ముందు బంధువుల ఆడవాళ్ళు ఇంట్లోకి జొరబడి, వచ్చేవాళ్ళు కూర్చోడానికని బొంతల దొంతర మొత్తం లాగి కింద పడేస్తారు. అక్కడ నా పిల్లి ప్రాణం సగం పోతుంది. అప్పుడే మగవాళ్ళు సందు మొదటి నుంచే "అయ్యో నా అక్కోయ్! నన్నొదిలి పోయావా అక్కోయ్!" అని గొంతు చించుకుంటూ మెట్లెక్కుతారు. మిగతా సగమూ పోతుంది.

అందుచేత నా ఆఖరి ఆజ్ఞ ఏమనగా: పైబొంతలు తీసుకోవచ్చు. కింది నాలుగూ ఎవరూ ముట్టుకోరాదు, చాలకపోతే జనం కోట్లు పరుచుకుని కూర్చోవాలి. ఉన్ని గుడారం మా కిటికీ కింద వద్దు, ఆవరణకి ఆ చివర వెయ్యండి, నన్ను అక్కడే పడుకోబెట్టండి. ఏడ్చేవాళ్ళు అక్కడే ఏడవాలి. మెట్ల మీద గుసగుసగా ఏడవాలి. బతికుండగా నాతో గట్టిగా మాట్లాడే ధైర్యం లేనివాళ్ళు పోయాక అరవడం ఎందుకట? గుర్రాన్ని కోయవద్దు, గొర్రె చాలు. ఆడవాళ్ళకి పంచడానికి చీటీగుడ్డ ముక్కలు పెట్టెలో ఎప్పుడో కత్తిరించి పెట్టాను. నాలాంటి దీర్ఘాయువు మీకూ కలగాలని తీసుకోండి. వాటితో పాటు నా కోపం ఉచితం.

ఇక భోజనాల దగ్గర, అందరిలోకీ పెద్దావిడకి గౌరవంగా పెట్టవలసిన గొర్రె తోకముక్క ఎదురింటి ఊల్కాన్‌కి మాత్రం పెట్టరాదు. ఇరవై ఏళ్ళ కిందట ఆవరణలో జరిగిన పెళ్ళివిందులో ఆ ముక్క నా పళ్ళెంలో పడబోతుండగా, ఆ మనిషి లేచి, "ఆగండాగండి, నేను సల్కిన్ కంటే మూడు నెలలు పెద్ద" అంది. అందరూ ఆమె వైపే తిరిగారు. నాకు భుజం ఎముక మిగిలింది. ఊల్కాన్ పుట్టినప్పుడు వాళ్ళు మందని మేపడానికి కొండల మీదికి వెళ్ళి ఉన్నారు. తేదీ పాస్‌పోర్టువాడు ఊహించి రాసింది. ఈ సంగతి అందరికీ తెలుసు. అప్పటి నుంచి నేను ఆమెతో మాట్లాడలేదు. ఒక్కసారి తప్ప.

ఆరు. ఆ ఒక్కసారి.

పై ఐదూ రాసి నోటరీ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి చదివి, పెదవులు బిగబట్టుకుని నవ్వాపుకుని, "అపా, పిల్లి చరాస్తి కిందకి వస్తుంది. అది మీదేనా? ఎవరికీ అమ్మలేదు, ఇవ్వలేదు కదా?" అని అలవాటుగా అడిగింది. అలవాటుగా అడిగిన ఆ ప్రశ్నకి నేను కాగితం వెనక్కి లాక్కున్నాను. ఎందుకంటే నేను అమ్మాను.

తెచ్చిన మొదటి చలికాలమే పిల్లి చావుకి తయారైంది. గిన్నె ముట్టదు, తల ఎత్తదు. డాక్టరు పెదవి విరిచాడు. అప్పుడు మా అమ్మ చేసిన పని గుర్తొచ్చింది. మా ఇంట్లో పిల్లలు నిలవకపోతే, నేను పుట్టగానే నన్ను పక్క గుడారంలో పిల్లలందరూ బతికున్న ముసలమ్మకి అమ్మేసింది. అమ్మితే బిడ్డ ఆ ఇంటిదవుతుంది, వెతుక్కుంటూ వచ్చిన చావు ఈ ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతుంది. ఏడాది గడిచాక గొర్రెని కోసి, కొన్నావిడకి తోకముక్క పెట్టి, బిడ్డని తిరిగి కొనుక్కోవాలి. నన్ను కొనుక్కున్నారు. నేను బతికాను, ట్రాలీబస్సు నడిపాను.

మా భవనంలో పిల్లలందరూ బతికున్న ఆడది ఎవరు? ఊల్కాన్. తొమ్మిదిమంది. ఒక్కరికీ జలుబు కూడా చెయ్యదు. ఏం చేస్తాను? ఎర్ర బొంతలో పిల్లిని చుట్టి, ఆమె తలుపు కొట్టాను.

తలుపు తీసి ఎగాదిగా చూసి, "ఏం కావాలి? ఉప్పా, గొడవా?" అంది.

"అమ్మకానికి బిడ్డని తెచ్చాను" అన్నాను.

ఊల్కాన్ బొంత తొలగించి చూసింది. పిల్లీ అనలేదు, ఛీ అనలేదు. "రా లోపలికి" అంది. నడవలోనే నిలబడి, పిల్లిని తన గౌను అంచు కిందనుంచి దూర్చి బయటికి తీసింది, కన్నట్టు. పిల్లి గోళ్ళు ఆమె మేజోళ్ళలో దిగబడ్డాయి. అయినా ఊల్కాన్ కిక్కురుమనలేదు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, చావు మెట్ల మీదే నిలబడి వింటున్నట్టు గట్టిగా, "ఇది సల్కిన్ బిడ్డ కాదు! నా కడుపున పుట్టింది! పేరు తుర్సున్!" అని కేకేసింది. నాకు ఒక గిన్నెడు తవుడూ, ఒక సూదీ ధర ఇచ్చింది. "నా ఇల్లు సంత. మా పిల్లలు దీని ప్రాణం తీస్తారు. పెంచడానికి నీ దగ్గర పెడుతున్నా. నా కూతురు, జాగ్రత్త" అని నా చేతుల్లో పెట్టి తలుపు వేసింది. మర్నాడు పొద్దున పిల్లి మీగడ నాకింది. మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఏడాది అయింది, రెండయ్యాయి, మూడయ్యాయి. తిరిగి కొనలేదు. ఎందుకు కొనలేదంటారా? కొంటే గొర్రెని కోసి, తోకముక్క నా చేతులతో, నా ఇంట్లో, ఊల్కాన్ పళ్ళెంలో పెట్టాలి! పిల్లి ఎలాగూ నా ఇంట్లోనే ఉంది కదా, పోనిద్దూ అనుకున్నాను. ఇదంతా నోటరీ అమ్మాయికి చెబితే, ఆమె కూడా ఈ ఆచారాలు తెలిసిన మా మనిషే, నవ్వు మానేసింది. "శరణాలయం కాగితం ప్రకారం మీదే. కానీ అపా, అమ్మాక కాగితానికి విలువేముంది? ఆవిడది ఆవిడకి తెలియకుండా ఇంకొకరికి ఎలా రాస్తారు?" అంది.

కాబట్టి ఒకటో దఫాలో కుబత్‌కి పిల్లిని ఇచ్చిన మాట ఇందుమూలంగా కొట్టివేయడమైనది. నాది కానిదాన్ని ఇవ్వలేను.

ఏడు. కుబత్ వినయం.

కనీసం చూసుకోవడమైనా వాడు చూసుకుంటాడు కదా అని ఫోను చేశాను. "నాయనా, పిల్లి హక్కు ఎవరిదైనా, నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూసుకున్నట్టే చూసుకో" అన్నాను. అవతల నీళ్ళు నమలడం వినపడింది. వెనక నుంచి చోల్పోన్ గొంతు: "చెప్పెయ్యి, ఎన్నాళ్ళు దాస్తావు!"

"అపా, నేను మొదటి రోజు వచ్చాను" అన్నాడు. "తాళం తీస్తుంటే ఎదురింటి ముసలమ్మ బయటికొచ్చి, 'లోపల నా కూతురుంది, తాళం ఇలా ఇవ్వు' అంది. నేను బెదిరిపోయి ఇచ్చేశాను. ఆవిడే చూసింది. నువ్వు ఏడుస్తుంటే నిజం చెప్పలేకపోయాను."

ఏం మనిషిరా నువ్వు అందామనుకున్నాను. కానీ వాణ్ణి పెంచింది నేను. ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకి తాళం ఇచ్చెయ్యడం నా దగ్గరే నేర్చుకున్నాడు, నేనే గట్టిగా అడిగేదాన్ని. వాడి వాటా తగ్గించడం లేదు.

చోల్పోన్ విషయంలో ఒక సవరణ. నిజం చెప్పమన్నది ఆమే. తివాచీతో పాటు నా వెండి చెవిపోగులు కూడా ఆమెకే.

ఎనిమిది. సవరణలు.

మూడు రోజులు ఆలోచించి నిన్న వెళ్ళి ఊల్కాన్ తలుపు కొట్టాను. ఈసారి చేతిలో ఏమీ లేదు. లోపల మనవలు, మునిమనవలు, టీవీ, కుట్టుమిషను, ఎవరో డ్రమ్ము నేర్చుకుంటున్నారు. ఆమె నన్ను చూసి, చెప్పులు వేసుకుని, "పద మీ ఇంటికి" అంది. వచ్చి తిన్నగా నా గదిలో దొంతర పక్కన గోడకేసి తిరిగి కూర్చుంది. తనకి తెలిసిన దారిలా.

"ఆసుపత్రి రోజుల్లో ఏం చెప్పి తినిపించావు?" అని అడిగాను. "స్టాపుల పేర్లు నీకు రావు కదా."

"పిల్లల పేర్లు" అంది. "పెద్దవాడి నుంచి చిన్నదాని దాకా. అది పదోది, దాని పేరు వచ్చేసరికి బయటికొచ్చేది." గోడకేసే మాట్లాడుతూ, "మా ఇంట్లో నా మాట నాకే వినపడదు సల్కిన్. ఇక్కడ అది నాకుతుంటే కూడా వినపడేది. నువ్వు తిరిగొచ్చావని సంతోషించాను. కొంచెం బాధ కూడా పడ్డాను" అంది.

అందువల్ల ఒకటో దఫాకి ఈ షరతు చేరుస్తున్నాను. ఇల్లు కుబత్‌దే. కానీ బొంతల గది, దానికి పోయే దారి, వంటింట్లో టీ కాచుకునే హక్కు, తుర్సున్ బతికున్నంతకాలం ఊల్కాన్‌వి. తుర్సున్ తర్వాత కూడా, ఊల్కాన్‌కి కాసేపు నిశ్శబ్దం కావాలనిపించినంత కాలం ఆమెవే. ఆ గదిని కుబత్ అద్దెకివ్వరాదు, అమ్మరాదు, రంగు వేయించరాదు. పిల్లిని ఇంకో ఇంటికి మార్చక్కర్లేదు. ఇల్లే దాని దగ్గర ఉంటుంది. నేను అన్ని సంబంధాలు చూసి, ఎదురు తలుపు మాత్రం చూడలేదు. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

ఐదో దఫాకి సవరణ: తోకముక్క ఊల్కాన్‌కే పెట్టండి. బల్ల దగ్గర పోటీకి నేను ఉండను కనుక. మూడు నెలల సంగతి మాత్రం నేను ఒప్పుకోలేదని రికార్డు కోసం రాస్తున్నాను.

తొమ్మిది. ఆఖరిది.

వెళ్ళేముందు ఊల్కాన్ గుమ్మంలో ఆగింది. "దాన్ని తిరిగి కొనుక్కో సల్కిన్. గొర్రె వద్దు, ఏమీ వద్దు. నీ చేత్తో ఒక కప్పు టీ పొయ్యి, చాలు. పోయేనాటికి నీ బిడ్డ నీదై ఉండాలి కదా" అంది.

కూర్చోమని చెప్పి, కెటిల్ పొయ్యి మీద పెట్టాను. నాకు అది కావాలి. ఎంత కావాలో రాస్తే నోటరీ అమ్మాయి మళ్ళీ నవ్వుతుంది. నవ్వనీ. ఈ మూడేళ్ళలో పొద్దున్నే నేను లేచింది దాని కోసమే. పోయేముందు ఒక్క పూటైనా ఇది నాది అనుకుని పోవాలని ఉంది. నీళ్ళు మరుగుతున్నాయి, ఊల్కాన్ కప్పు తుడుస్తోంది, అప్పుడు నాకు తట్టింది. బిడ్డల్ని ఎందుకు అమ్ముతారు? చావు ఇంటికొచ్చి ఇక్కడ నీవేవి అని అడిగితే, బిడ్డ ఆ లెక్కలోకి రాకూడదని. ఆ వచ్చేది ఈ చలికాలం నా ఇంటికే వస్తోంది. డాక్టరు చెప్పాడు కదా. సరిగ్గా ఇప్పుడా నేను దాన్ని నాది చేసుకోవడం?

పొయ్యి ఆర్పేశాను. "టీ వద్దు ఊల్కాన్" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. తొమ్మిదిమందిని బతికించుకున్న మనిషి, అడక్కుండానే అర్థం చేసుకుంది. కప్పు బోర్లించి, నా భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరం అలాగే నిలబడి ఏడ్చాం. చిన్నగానే, గదిలోకి వినపడకుండా.

కాబట్టి తుర్సున్‌ని నేను తిరిగి కొనలేదు. కొనను. నా తరఫున కూడా ఎవరూ కొనరాదు. ఇల్లు నాది, తివాచీ నాది, గ్లవ్సులు, జామ్ సీసాలు, అరిగిన గుండె, కోపం అన్నీ నావే. నా కోసం ఎవరు వచ్చి అడిగినా ఈ కాగితం చూపించండి. నావన్నీ ఇందులో ఉన్నాయి, తీసుకుపొమ్మనండి. పిల్లి నాది కాదు.

బిష్కెక్, 2019 అక్టోబరు 21.

(సంతకం) సల్కిన్

సాక్షులు:
1. దామిర్, భవనం కాపలాదారు
2. రోజా, రెండో అంతస్తు, మందుల కొట్టు